పెడల్ వణికినప్పుడు కాలు తీయకండి: ఏబీఎస్ నుంచి ఘాట్ రోడ్డు దాకా బ్రేకుల సమగ్ర మార్గదర్శి

ఐదేళ్ల కిందట, నవంబరులో ఒక సాయంత్రం. సిద్దిపేట దాటి కరీంనగర్ వైపు వెళ్తున్నాను. కారు 70 మీద ఉంది. డివైడర్ సందులోంచి ఒక బర్రె నిదానంగా రోడ్డు మీదికి అడుగు పెట్టింది. బ్రేక్ గట్టిగా తొక్కాను. పెడల్ కింద ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టకటకమని అదిరింది, ముందు నుంచి గరగరమని శబ్దం. ఏదో విరిగిపోయిందనుకుని కాలు ఎత్తేశాను. అర సెకను కూడా ఉండదు, మళ్లీ తొక్కాను. కారు ఆగేసరికి ఎడమ అద్దం బర్రె డొక్కకు తగిలి ముడుచుకుపోయి ఉంది.

మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి బ్రేకులు పాడయ్యాయని చెప్పాను. అతను ఒక రౌండు తిప్పి తెచ్చి, "బ్రేకులు మంచిగనే ఉన్నయి అన్నా. అది ఏబీఎస్ కొట్టింది. నువ్వు కాలు తియ్యకుంటే ఇంకా ముందే ఆగేది" అన్నాడు.

లెక్క వేసుకుంటే అతను చెప్పింది నిజమే. 70 కిలోమీటర్ల వేగంలో బండి అర సెకనులో దాదాపు 10 మీటర్లు పోతుంది. ఆ 10 మీటర్లను నేను చేతులారా వదులుకున్నాను. అప్పటికి ఆ కారు కొని మూడేళ్లు. ఏబీఎస్, అంటే బ్రేక్ గట్టిగా తొక్కినా చక్రాలు ఆగిపోయి జారకుండా చూసే ఏర్పాటు, ఉందని తెలుసు, అది పని చేసేటప్పుడు కాలికి ఎలా తగులుతుందో మాత్రం తెలియదు. ఆ రోజు నుంచి బండి నడిపే ప్రతి మనిషికీ ఈ మాట చెబుతున్నాను. ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

ముందు దూరం సంగతి

ఏ బ్రేకయినా రోడ్డుకీ టైరుకీ మధ్య ఉన్న పట్టు కంటే ఎక్కువగా బండిని ఆపలేదు. ఎదుట ఏదో కనబడ్డాక కాలు బ్రేక్ మీద పడటానికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి అదే వేగంతో పోతూనే ఉంటుంది. పొడి తారు రోడ్డు మీద మంచి టైర్లున్న కారు 60 వేగంలో ఉంటే, ఆ సెకనుతో కలిపి సుమారు 37 మీటర్లకు ఆగుతుంది. 80 అయితే 58, 100 అయితే 84 మీటర్లు. ఆర్టీసీ బస్సు పొడవు దాదాపు 12 మీటర్లు అనుకుంటే, 60లో మూడు బస్సులు, 100లో ఏడు బస్సుల దూరం అన్నమాట. అదే వానలో 100 వేగానికి 120 మీటర్లు దాటొచ్చు.

వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక పోయే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. 80లో వెళ్తున్నవాళ్లు "ఇంకో 20 పెంచితే ఏమవుతుంది" అనుకునే చోటే పొరపాటు జరుగుతుంది.

ముందు బండికి ఎంత దూరం ఉండాలో మీటర్లలో కొలవడం ఎవరికీ కుదరదు. దానికి తేలిక దారి ఉంది. ముందు బండి ఒక కరెంటు స్తంభాన్ని దాటగానే "నూట ఒకటి, నూట రెండు, నూట మూడు" అని మామూలుగా లెక్కపెట్టండి. మూడో అంకె పూర్తికాకముందే మీరు ఆ స్తంభం దగ్గరికి చేరితే దగ్గరగా వెళ్తున్నట్టే. వాన పడుతున్నప్పుడు ఐదు దాకా లెక్కపెట్టండి. మీరు వదిలిన సందులోకి ఇంకో కారు దూరుతుంది, నిజమే. దూరితే మళ్లీ కొంచెం వెనక్కి తగ్గండి.

ఏబీఎస్ లోపల ఏం జరుగుతుంది

పాత కారులో బ్రేక్ గట్టిగా తొక్కితే చక్రం తిరగడం ఆగిపోయి రోడ్డు మీద జారుతుంది. దీన్నే మనం చక్రం లాక్ అయింది అంటాం. లాక్ అయిన చక్రంతో రెండు నష్టాలు. ఒకటి, చాలా రోడ్ల మీద పట్టు తగ్గిపోతుంది. రెండోది ఇంకా పెద్దది: స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిరగదు. చక్రం దొర్లుతుంటేనే అది చూపిన దిక్కుకు బండి పోతుంది. జారుతున్న చక్రం ఏ వైపు చూస్తున్నా ఒకటే, బండి తిన్నగా ముందుకే పోతుంది.

మీ బైకుకు ఏబీఎస్ ఉంటే ఒకసారి ముందు చక్రం దగ్గర కూర్చుని చూడండి. బ్రేక్ డిస్క్ పక్కన, దానికంటే చిన్నగా, చుట్టూ సన్నని గాట్లున్న ఇంకో రింగు కనబడుతుంది. దానికి ఒకట్రెండు మిల్లీమీటర్ల దూరంలో వేలి కొసంత సెన్సర్, దాని నుంచి పైకి పోయే వైరు ఉంటాయి. చక్రం తిరుగుతుంటే ఒక్కో గాటు సెన్సర్ ముందు నుంచి పోతుంది. సెకనుకు ఎన్ని గాట్లు పోతున్నాయో లెక్కపెట్టి చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో ఒక చిన్న కంప్యూటర్ తెలుసుకుంటుంది. కార్లలో ఇదే ఏర్పాటు నాలుగు చక్రాలకూ లోపల దాగి ఉంటుంది.

మీరు బ్రేక్ తొక్కినప్పుడు ఒక చక్రం వేగం ఉన్నట్టుండి పడిపోతే, అది లాక్ కాబోతోందని కంప్యూటర్‌కు అర్థమవుతుంది. వెంటనే ఆ చక్రానికి బ్రేక్ ఆయిల్ వెళ్లే వాల్వు మూస్తుంది. అప్పటికీ చక్రం నెమ్మదిస్తుంటే ఇంకో వాల్వు తెరిచి ఒత్తిడి కొంచెం వదులుతుంది. చక్రం మళ్లీ తిరగ్గానే ఒత్తిడి పెంచుతుంది. పట్టు, వదులు, పట్టు, వదులు. ఇది సెకనుకు 10, 15 సార్లు జరుగుతుంది. వదిలిన ఆయిల్‌ను చిన్న పంపు వెనక్కి తోస్తుంటే ఆ తోపు మీ పెడల్‌కు తగులుతుంది. ఆ అదురు, ఆ గరగర అదే. అవి వినబడితే మీ బ్రేకులు తమ పని తాము చేస్తున్నాయన్నమాట.

ఇది కొత్త ఆలోచన కాదు. 1950లలోనే విమానాల చక్రాలకు ఇలాంటి యంత్రం వాడారు. ఇప్పుడు మనం చూస్తున్న ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను బాష్ కంపెనీ తయారు చేస్తే 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ కార్లలో వచ్చింది. బైకులకు 1988లో బీఎండబ్ల్యూ తెచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి తయారయ్యే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. 125 సీసీ దాటిన బైకులకూ అప్పటి నుంచే తప్పనిసరి. 125 సీసీ వరకు ఉన్న వాటికి ఏబీఎస్ గానీ, సీబీఎస్ (ఒకటి పడితే రెండు బ్రేకులూ పడే ఏర్పాటు) గానీ ఉండాలని అప్పుడు నిబంధన పెట్టారు.

ఏబీఎస్ ఉంటే బండి తక్కువ దూరంలో ఆగుతుందని చాలామంది నమ్మకం. తడి తారు మీద చాలావరకు అది నిజమే. కానీ దాని అసలు ఉపయోగం, గట్టిగా బ్రేక్ పట్టి ఉండగానే స్టీరింగ్ తిప్పి తప్పించుకోగలగడం. కంకర, ఇసుక, బురద మీద మాత్రం ఏబీఎస్ ఉన్న బండి ఆగడానికి ఇంకొంచెం ఎక్కువ దూరమే పట్టొచ్చు. లాక్ అయిన చక్రమైతే ముందు మట్టిని పోగు చేసుకుని దానికి ఆనుకుని ఆగుతుంది. దొర్లే చక్రానికి ఆ ఆసరా ఉండదు.

వరి కోతల రోజుల్లో మన పల్లె రోడ్ల మీద సగం దాకా వడ్లు, మక్కలు ఎండబోసి ఉంటాయి. వాటి మీద టైరు గోళీల మీద నడిచినట్టు నడుస్తుంది. బైకు మీద ఉన్నవాళ్లకు ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. గింజలు దూరంగా కనబడగానే, ఇంకా తారు మీద ఉండగానే వేగం తగ్గించండి. గింజల మీదికి వెళ్లాక ముందు బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిల్ తిన్నగా పట్టుకుని, అదే గేరులో నెమ్మదిగా దాటండి. రాత్రిపూట కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు ఇంకా ప్రమాదం. ఆ కాలంలో చీకటి పడ్డాక పల్లె రోడ్డెక్కితే 40 దాటొద్దు.

మిగతా ఇంగ్లిష్ అక్షరాలు

షోరూంలో అక్షరాల జాబితా చదివి వినిపిస్తారు. వాటిలో ఈబీడీ గురించి మీరు చేయాల్సింది ఏమీ లేదు. ఖాళీ కారులో వెనక చక్రాల మీద బరువు తక్కువ, ఐదుగురు ఎక్కి డిక్కీ నిండితే ఎక్కువ. ఆ తేడాను బట్టి వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో అది చూసుకుంటుంది.

బ్రేక్ అసిస్ట్ సంగతి కొంచెం తెలుసుకోవాలి. ఆపద వచ్చినప్పుడు చాలామంది బ్రేక్ త్వరగానే తొక్కుతారు గానీ పూర్తి బలంతో తొక్కరు. పెడల్ దిగిన వేగాన్ని చూసి ఇది అత్యవసరమని పసిగట్టి, మిగతా బలాన్ని ఇదే కలుపుతుంది. మీరు కాలు సడలిస్తే అదీ వదిలేస్తుంది.

ఈఎస్‌సీ (కారు పక్కకు జారిపోకుండా చూసే ఏర్పాటు) నా దృష్టిలో ఏబీఎస్ తర్వాత అంత విలువైనది. కారు కొనేటప్పుడు సన్‌రూఫ్ ఉందా అని అడిగే ముందు ఇది ఉందా అని అడగండి. స్టీరింగ్ ఎటు తిప్పారో ఒక సెన్సర్, కారు నిజంగా ఎటు తిరుగుతోందో ఇంకో సెన్సర్ చూస్తుంటాయి. రెండూ కలవకపోతే, అంటే కారు వెనక భాగం విసురుగా పక్కకు జారుతుంటే, ఏదో ఒక చక్రానికి మాత్రమే బ్రేక్ వేసి కారును దారిలోకి తెస్తుంది. నాలుగు చక్రాల్లో ఒక్కదానికే బ్రేక్ వేయడం ఏ డ్రైవరు కాలికీ సాధ్యమయ్యే పని కాదు. జారుతున్న కారు బొమ్మ డ్యాష్‌బోర్డు మీద మిణుకుమంటే ఈఎస్‌సీ పని చేస్తోందని అర్థం. ఆ బొమ్మ వెలుగుతూనే ఉంటే అది పాడైందని, లేదా ఎవరో బటన్ నొక్కి ఆపేశారని. బురదలో దిగబడిన కారును బయటికి లాగేటప్పుడు తప్ప ఆ బటన్ జోలికి వెళ్లొద్దు.

ఇక రాడార్, కెమెరాలతో దానంతటదే బ్రేక్ వేసే కార్లు ఇప్పుడు మన రోడ్ల మీదా కనబడుతున్నాయి. మంచిదే. కానీ ఆ కెమెరా ముందు అద్దం పైభాగంలో ఉంటుంది. అక్కడ దేవుడి స్టిక్కరు అంటించినా, అద్దానికి దండ వేలాడదీసినా దాని చూపుకు అడ్డే. దుమ్ము, బురద, కుండపోత వాన కూడా అంతే. వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన ఆగిన పత్తి ట్రాక్టరు, అడ్డంగా నడిచే బర్రె, రాంగ్ రూట్లో వచ్చే బైకు: వీటిని అది కచ్చితంగా గుర్తుపడుతుందని నమ్ముకుని నడపకండి. "బ్రేక్" అని అది అరిచినప్పుడు అప్పటికే కాలు బ్రేక్ మీద ఉండాలి.

బైకు, స్కూటర్ నడిపేవాళ్లకు

మన దగ్గర బైకు నేర్పేటప్పుడు చెప్పే మొదటి మాట, "ముందు బ్రేక్ పట్టకురా, పల్టీ కొడతావు." ఆ ఒక్క మాట చాలామందిని జీవితాంతం వెనక బ్రేకు మీదే నడిపిస్తోంది. బ్రేక్ పట్టగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి పట్టు ఉండదు, కొంచెం గట్టిగా తొక్కితే లాక్ అయి పక్కకు జారుతుంది. ఆపే బలంలో మూడింట రెండు వంతులకు పైగా ముందు బ్రేకుదే.

పడిపోయేది ముందు బ్రేకు వాడినందుకు కాదు, ఒక్కసారిగా గుంజినందుకు, లేదా మలుపులో వంగి ఉండగా పట్టినందుకు. లీవరును నిమ్మకాయ పిండినట్టు పిండాలి: మొదట మెల్లగా, బరువు ముందుకు వచ్చాక గట్టిగా. రెండు బ్రేకులూ కలిపే పట్టాలి.

సీబీఎస్ ఉన్న స్కూటర్లలో ఎడమ లీవరు పడితే వెనక బ్రేకుతో పాటు ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. బైకుల్లో అయితే కాలి పెడల్ ఆ పని చేస్తుంది. ఇది మంచి ఏర్పాటే, కానీ చక్రం లాక్ కాకుండా ఆపలేదు. ఎడమ లీవరుతోనే సరిపెట్టుకోకండి. కుడి లీవరు కూడా పడితేనే ముందు బ్రేకు పూర్తి బలం వస్తుంది.

ఇంకో సంగతి కొనేటప్పుడు ఎవరూ విడమర్చి చెప్పరు. చాలా బైకుల్లో ఉండేది సింగిల్ చానెల్ ఏబీఎస్, అంటే ముందు చక్రానికి మాత్రమే. వెనక బ్రేకును గట్టిగా తొక్కితే ఆ చక్రం లాక్ అవుతుంది. డ్యూయల్ చానెల్ అయితేనే రెండు చక్రాలకూ రక్షణ. మీ బండిది ఏదో తెలియకపోతే వెనక చక్రానికి ఆ గాట్ల రింగు, సెన్సరు వైరు ఉన్నాయేమో చూసి, మాన్యువల్లో సరిచూసుకోండి. మామూలు ఏబీఎస్ ఏదైనా సరే, మలుపులో బాగా వంగి ఉన్నప్పుడు పూర్తిగా కాపాడలేదు. వీలైతే ముందు బండిని నిటారుగా తెచ్చి, అప్పుడు గట్టిగా పట్టండి.

కాలికి నేర్పండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదువుతానంటే ఇదే చదవండి. ఆపద వచ్చినప్పుడు ఆలోచించే టైమ్ ఉండదు, కాలికి అలవాటైనదే కాలు చేస్తుంది. ఆదివారం పొద్దున ఒక గంట కేటాయించండి. ఊరి బయట ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్ రోడ్లు దీనికి బాగుంటాయి. తోడుగా ఒకరిని తీసుకెళ్లి, వెనక ఎవరూ రావట్లేదని చూసి చెప్పమనండి. ఆ మనిషి రోడ్డు పక్కన దూరంగా నిలబడాలి.

1. కారులో ఉన్న నీళ్ల సీసాలు, గొడుగు, వెనక సీటు మీది సంచులు అన్నీ బయట పెట్టండి. డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాట్ జారకుండా ఉందో లేదో చూడండి. బ్రేక్ కింద సీసా దొర్లి ఇరుక్కుంటే ఎంత మంచి ఏబీఎస్ అయినా ఏమీ చేయలేదు.

2. సీటు సరిచేసుకోండి. బ్రేక్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాలు పూర్తిగా చాపితేగానీ పెడల్ అందకపోతే పూర్తి బలం పెట్టలేరు. సీటు బెల్టు పెట్టుకోండి.

3. 30 వేగానికి వచ్చి, మామూలుగా ఆపినట్టు రెండుసార్లు ఆపండి. బ్రేకులు ఏ పక్కకైనా లాగుతున్నాయేమో గమనించండి. లాగితే అక్కడితో ఆపి మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

4. ఇప్పుడు 40కి రండి. గుర్తు పెట్టుకున్న చోట బ్రేకును, క్లచ్‌ను ఒకేసారి, చెప్పుతో తేలును తొక్కినంత బలంగా తొక్కండి. పెడల్ అదురుతుంది. అదిరినా అలాగే తొక్కి పట్టండి, బండి పూర్తిగా ఆగేదాకా. ఆటోమేటిక్ అయితే బ్రేక్ ఒక్కటే.

5. కాలు తనంతట తాను సడలడం ఆగేదాకా ఇది చేయండి. చాలామందికి ఐదారు సార్లు పడుతుంది. మధ్యలో కొన్ని నిమిషాలు మెల్లగా తిప్పి బ్రేకులు చల్లారనివ్వండి.

6. చివరగా రోడ్డు మధ్య ఖాళీ అట్టపెట్టె ఒకటి పెట్టండి. 40 వేగంలో దాని ముందు బ్రేక్ గట్టిగా తొక్కి, తొక్కిపట్టే స్టీరింగ్ కొంచెం పక్కకు తిప్పి, పెట్టెను దాటాక తిన్నగా చేయండి. చూపు పెట్టె మీద కాదు, దాని పక్కనున్న ఖాళీ మీద ఉండాలి. ఎటు చూస్తే చేతులు అటే తిప్పుతాయి.

పోయిన ఏడాది మా చెల్లికి ఇలాగే చేయించాను. నాలుగో మెట్టులో మొదటి మూడుసార్లు పెడల్ అదరగానే కాలు లాగేసుకుంది. ఐదోసారి బండి ఆగాక కూడా కాలు తీయలేదు. "అన్నయ్యా, ఇది పెడల్ కాదు, పాదం కింద కప్ప దూకుతున్నట్టుంది" అంది. ఆరో మెట్టులో అట్టపెట్టె పక్క నుంచి బండి మెలి తిరిగిపోతుంటే ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

బైకు మీద అయితే హెల్మెట్, చేతులు కప్పే దుస్తులు, బూట్లు తప్పనిసరి. ఇసుక లేని తిన్నని రోడ్డు చూసుకుని 20తో మొదలుపెట్టి 40 దాకా వెళ్లండి. ప్రతిసారీ బండి నిటారుగా, చూపు దూరంగా ఉండాలి. ఏబీఎస్ లేని బండి అయితే చక్రం లాక్ అయ్యేదాకా ప్రయత్నించకండి, మెల్లగా పిండి బలం పెంచడం మాత్రమే అలవాటు చేసుకోండి.

పాత అలవాటు ఒకటి మానుకోవాలి. ఏబీఎస్ లేని రోజుల్లో చక్రం లాక్ కాకుండా బ్రేకును తొక్కి వదిలి, తొక్కి వదిలి ఆపేవారు. పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే చెబుతారు. ఏబీఎస్ ఉన్న బండిలో అలా చేస్తే అది చేయాల్సిన పనికి మీరే అడ్డు తగిలినట్టు.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు

తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది. కొండ మీది నుంచి తిరుపతికి ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,500 కిలోలున్న కారు ఆ ఎత్తు దిగేటప్పుడు పుట్టే శక్తి మొత్తం బ్రేకుల మీదే పడితే, ఆ వేడితో దాదాపు 35 లీటర్ల నీళ్లను మరిగించొచ్చు. రెండు బిందెలకు పైగా నీళ్లన్నమాట. అరచేయంత ప్యాడ్లు ఆ వేడిని ఎంతసేపు మోస్తాయి?

వేడెక్కిన ప్యాడ్లకు పట్టు తగ్గుతుంది, కాలిన వాసన వస్తుంది. ఇంకా వేడెక్కితే బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. ఆయిల్‌ను నొక్కితే నొక్కుకుపోదు, అందుకే మీ కాలి బలం చక్రం దాకా చేరుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. బుడగలు నొక్కుకుపోతాయి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. ఈ దశలో ఏబీఎస్ ఏమీ చేయలేదు.

అందుకే ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమైందో దిగేటప్పుడు అదే గేరు. వాలు మొదలయ్యే ముందే రెండో గేరులోకి రండి, బాగా నిటారుగా ఉంటే ఒకటి. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. శబ్దం పెరుగుతుంది, భయపడొద్దు, ఇంధనం కూడా ఎక్కువ తాగదు. ఆటోమేటిక్‌లో ఎల్, 2, ఎస్ లేదా మాన్యువల్ మోడ్ ఏది ఉంటే అది వాడండి. బ్రేకును కాలు ఆనించి నిరంతరం పట్టి ఉంచకండి. వేగం పెరిగినప్పుడు గట్టిగా ఒకసారి పట్టి తగ్గించి, పూర్తిగా వదిలేయండి. వదిలిన ఆ కాసేపట్లోనే డిస్కులకు గాలి తగులుతుంది.

పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం, ఇంజన్ ఆపేసి దిగడం చూస్తుంటాను. దయచేసి ఈ పని చేయకండి. మీ కాలి బలాన్ని పెంచే బూస్టరు చాలా కార్లలో ఇంజన్ నుంచే బలం తీసుకుంటుంది. ఇంజన్ ఆగాక రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. తాళం చెవి తీసేస్తే స్టీరింగ్ కూడా లాక్ అవుతుంది.

ఎలక్ట్రిక్ కార్లలో రీజెన్ (మోటారే బ్రేకులా పట్టి కరెంటు పుట్టించడం) వల్ల దిగడం సుఖంగా ఉంటుంది, బ్యాటరీ కూడా నిండుతుంది. కానీ బ్యాటరీ 100 శాతం ఉంటే ఆ శక్తిని దాచుకోవడానికి చోటు లేక రీజెన్ తగ్గిపోతుంది. అరకులోనో మారేడుమిల్లిలోనో కొండ మీద బస చేసి రాత్రంతా ఫుల్ ఛార్జ్ పెట్టేవాళ్లు దిగడానికి ముందు 80, 85 దగ్గరే ఆపేయడం మంచిది.

కాలిన వాసన వస్తే సురక్షితమైన చోటు చూసి ఆగి, గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టి అరగంట చల్లారనివ్వండి. డిస్కుల మీద నీళ్లు పోయకండి, వంకర పోతాయి.

ఇంటి దగ్గర చూసుకోవాల్సినవి

బ్రేక్ ఆయిల్ సంగతి మన దగ్గర దాదాపు ఎవరూ పట్టించుకోరు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక అది 155కి పడిపోవచ్చు. బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా చూడండి. కొత్తది లేత పసుపుగా ఉంటుంది, కాఫీ డికాక్షన్ రంగులోకి వస్తే మార్చాల్సిందే. రంగు బాగున్నా రెండేళ్లకోసారి మార్పించండి. మట్టం తగ్గిందని పైన పోసి ఊరుకోకండి: ప్యాడ్లు అరిగాయో, ఎక్కడైనా కారుతోందో చూపించాలి.

టైర్ల గాట్ల లోపల అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి వాటి మట్టానికి వస్తే, అంటే 1.6 మిల్లీమీటర్లకు, టైరు పని అయిపోయినట్టే. వానాకాలం ముందైతే అంతదాకా కూడా ఆగొద్దు.

వర్షపు నీళ్లలోంచి దాటి వచ్చాక, వెనక ఎవరూ లేరని చూసుకుని, నెమ్మదిగా వెళ్తూ బ్రేకును రెండు మూడుసార్లు మెల్లగా పట్టి ఆరబెట్టండి. బైకుకు పంక్చర్ వేయించాక ఆ గాట్ల రింగు వంగలేదని, సెన్సర్ వైరు తెగలేదని ఒకసారి చూసుకోండి.

తాళం తిప్పగానే పసుపు రంగు ఏబీఎస్ లైటు వెలిగి, కార్లలో కొన్ని సెకన్లకు, బైకుల్లో బండి కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే మామూలు బ్రేకులు పడతాయి గానీ ఏబీఎస్ ఉండదు. నెమ్మదిగా మెకానిక్ దాకా వెళ్లొచ్చు. ఎర్ర రంగు బ్రేక్ లైటు వెలిగితే ముందు హ్యాండ్ బ్రేక్ దించారో లేదో చూడండి. దించినా వెలుగుతూ ఉంటే, లేదా ఎరుపు, పసుపు రెండూ కలిసి వెలిగితే అక్కడే ఆగిపోండి.

బ్రేక్ అసలే పడకపోతే

పెడల్ కిందికి పోయిందా, ముందు దాన్ని వేగంగా నాలుగైదుసార్లు కొట్టండి. మిగిలిన కాస్త ఒత్తిడి పైకి రావచ్చు. ఏబీఎస్ బండిలో పెడల్‌ను ఇలా కొట్టాల్సిన సందర్భం ఇదొక్కటే. అదే సమయంలో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, ఒక్కో గేరు తగ్గించుకుంటూ రండి. హజార్డ్ లైట్లు వేసి హారన్ కొడుతూ ఉండండి. ఇంజన్ ఆపకండి.

హ్యాండ్ బ్రేకును బటన్ నొక్కిపట్టి మెల్లమెల్లగా లాగండి, చక్రం జారితే కొంచెం వదలండి. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు లాక్ అయి కారు గిర్రున తిరుగుతుంది. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు ఉంటే చాలా కార్లలో ఆ స్విచ్‌ను లాగి అలాగే పట్టుకుంటే కారు అదుపులో ఆగుతుంది. మీ కారు మాన్యువల్లో ఈ సంగతి ఈ రోజే చూసి పెట్టుకోండి, పక్క సీట్లో కూర్చునేవాళ్లకూ ఆ స్విచ్ చూపించండి.

ఇవేవీ చాలకపోతే ఎదురెక్కే రోడ్డు, మెత్తటి మట్టి గట్టు, పొలం, పొదలు ఏది దొరికితే అటు పోనివ్వండి. ఘాట్ రోడ్డు మీదైతే లోయ వైపు కాకుండా కొండ వైపు గోడకు బండి పక్క భాగాన్ని రాపాడిస్తూ ఆపాలి. బండి ఆగాక "కొంచెం చల్లారితే బాగవుతుందిలే" అని మళ్లీ స్టార్ట్ చేయకండి. మనుషుల్ని రోడ్డుకు దూరంగా దింపి, వెనక త్రిభుజం బోర్డు పెట్టి, టోయింగ్ బండికి ఫోన్ చేయండి.